కరోనాల ఇచ్చిన పది వేలు: అప్పా? సాయమా?

చిరు వ్యాపారుల కోసం సమాచార పాఠం
కరీంనగర్, ఆదిలాబాద్ పట్టణాల తోపుడు బండ్లు, ఫుట్‌పాత్ దుకాణాలు, గంపల వ్యాపారుల కోసం

"కరోనా పైసలు సర్కారు ఇచ్చింది గద సార్, మళ్ల కట్టుడు ఏంది?"

అవగాహన సదస్సులకు పోయిన ప్రతిసారి ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడుగుతారు. అడిగినోళ్లది తప్పు కాదు. ఆ రోజుల్లో రేషన్ బియ్యం ఉచితంగా వచ్చినయి, జన్‌ధన్ ఖాతా ఉన్న మహిళలకు మూడు నెలలు 500 రూపాయల చొప్పున పడ్డయి. వాటి వెనుకనే 10,000 కూడా ఖాతాలో పడేసరికి, చాలామంది దాన్ని కూడా ఆ లెక్కలోనే వేసుకున్నరు. కానీ బియ్యం వేరు, 10,000 వేరు. ఆ తేడా తెలియక కిస్తీలు ఆపినోళ్లు ఇప్పుడు బ్యాంకు గడప దగ్గర ఆగిపోతున్నరు. అందుకే ఈ పాఠం.

1. ముందు ఏం జరిగింది?

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ. ఆ మరుసటి రోజు నుంచే తెలంగాణలో లాక్‌డౌన్, 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. కరీంనగర్‌లో అంతకన్నా ముందే ముకరంపుర ప్రాంతాన్ని కట్టడి చేసి ఇంటింటి సర్వే చేసిన్రు. టవర్ సర్కిల్‌లో, ఆదిలాబాద్ గాంధీ చౌక్, అంబేద్కర్ చౌక్‌లో బండి పెట్టుకునేటోళ్లకు ఒక్కసారి గిరాకీ బంద్ అయింది. నెల జీతం ఉన్నోళ్లకు నెలాఖరుకు ఎంతో కొంత వచ్చింది. రోజు గల్లా మీద బతికేటోళ్లు మాత్రం సరుకు కొనే పెట్టుబడినే తిండికి తీసిన్రు.

లాక్‌డౌన్ సడలించినంక అసలు సమస్య మొదలైంది. బండి ఉంది, అడ్డా ఉంది, కొనేటోళ్లు కూడా మెల్లగ వస్తున్నరు. సరుకు తెచ్చేందుకు చేతిలో పైసలు లేవు. ఆ పెట్టుబడి కోసమే కేంద్ర గృహనిర్మాణ, పట్టణ వ్యవహారాల శాఖ 2020 జూన్ 1న పీఎం స్వనిధి పథకం తెచ్చింది. మన రాష్ట్రంలో మున్సిపాలిటీలు, మెప్మా కలిసి దీన్ని నడుపుతున్నయి.

2. సర్కారు ఇచ్చింది ఏంది? బ్యాంకు ఇచ్చింది ఏంది?

ఈ ఒక్క ముక్క అర్థమైతే పథకం మొత్తం అర్థమైనట్టే.

బ్యాంకు ఇచ్చింది: 10,000 రూపాయల లోన్. ఇది బ్యాంకు పైస. 12 నెలవారీ కిస్తీల్లో తిరిగి కట్టాలి.

సర్కారు ఇచ్చింది మూడు:
• జామీను. మీరు ఇల్లు, బంగారం కుదువ పెట్టే పని లేదు.
• వడ్డీ రాయితీ. బ్యాంకు వేసే వడ్డీలో ఏడాదికి 7 శాతం మేర సర్కారు భరిస్తుంది. మూడు నెలలకోసారి మీ ఖాతాలోనే జమ అవుతుంది.
• క్యాష్‌బ్యాక్. గిరాకీదారు క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పైసలిస్తే మీకు నెలకు 100 రూపాయల దాకా వస్తుంది.

అంటే సాయం ఉంది, కానీ అసలు మాఫీ కాదు. "సర్కారు జామీను ఉంది గద, నేను కట్టకపోతే సర్కారే కడుతది" అని కొందరు అంటరు. ఆ జామీను బ్యాంకు నష్టపోకుండా పెట్టింది. మీ పేరు మీది బాకీ దానితో చెరిగిపోదు.

3. లెక్క వేసి చూద్దాం

గిరిగిరి సంగతి మీకు కొత్తగా చెప్పేది లేదు. 10,000 రాసుకుంటరు, వెయ్యి ముందే పట్టుకొని చేతికి 9,000 ఇస్తరు. రోజుకు 100 చొప్పున 100 రోజులు కట్టాలి. చూడటానికి "వెయ్యే గద" అనిపిస్తది. కానీ ఆ 9,000 మొత్తం 100 రోజులు మీ దగ్గర ఉండదు, రోజూ తగ్గుకుంటనే పోతది. ఆ విధంగా లెక్కేస్తే ఏడాదికి నూటికి 75 రూపాయలకు పైనే వడ్డీ పడుతుంది. ఏడాదిలో మూడుసార్లు తిప్పితే మూడు వేలు వడ్డీకే పోతయి.

ఇప్పుడు స్వనిధి. వడ్డీ రేటు బ్యాంకును బట్టి మారుతుంది. లెక్క కోసం 12 శాతం అనుకుందాం.

• నెల కిస్తీ: సుమారు 888 రూపాయలు
• ఏడాది మొత్తంలో వడ్డీ: సుమారు 660
• అందులో సర్కారు తిరిగి ఇచ్చేది: సుమారు 385
• మీ మీద పడేది: సుమారు 275

ఇక క్యాష్‌బ్యాక్. ఒక్కొక్కటి 25 రూపాయలకు తగ్గకుండా నెలలో 50 డిజిటల్ చెల్లింపులు వస్తే 50 రూపాయలు. 100 వస్తే 75. 200 వస్తే 100. నెలకు 75 చొప్పున వచ్చినా ఏడాదికి 900. వడ్డీ పోను మీకే పైన మిగులుతయి.

అక్కడ మూడు వేలు పోతయి, ఇక్కడ వడ్డీ కన్నా ఎక్కువే తిరిగి వస్తది. కానీ ఈ లెక్క కిస్తీ తారీఖుకు కట్టినోళ్లకే పనిచేస్తుంది.

4. కిస్తీ ఆపితే ఏమైతది?

ఒక ఉదాహరణ చూడండి. ఇద్దరు అక్కలు పక్కపక్కనే కూరగాయలు అమ్ముతరు. ఇద్దరికీ 10,000 వచ్చింది. ఒకామె నెలనెలా కట్టింది. ఆమెకు తర్వాత 20,000, అది తీరినంక 50,000 వచ్చినయి. ఇప్పుడు గంప పోయి బండి వచ్చింది. రెండో ఆమె నాలుగు కిస్తీలు కట్టి, "అందరూ మాఫీ అయితదంటున్నరు" అని ఆపింది. 90 రోజులు దాటేసరికి బ్యాంకు ఆ ఖాతాను మొండి బాకీ కింద రాసింది. వడ్డీ రాయితీ ఆగింది. రెండో లోన్ రాలేదు. సిబిల్ రికార్డులో ఆ బాకీ ఎక్కింది. తర్వాత కొడుకు ఆటో కోసం ఆమె పేరు మీద లోన్ అడిగితే, బ్యాంకు ముందు ఆ పాత బాకీనే చూపించింది. ఆరేడు వేల బాకీకి లక్షల లోన్ ఆగింది. ఆమె మళ్ల గిరిగిరి దగ్గరికే పోయింది.

మారటోరియం విషయంలో కూడా ఇట్లనే జరిగింది. 2020 మార్చి 1 నుంచి ఆగస్టు 31 వరకు కిస్తీలు వాయిదా వేసుకోవచ్చని రిజర్వ్ బ్యాంక్ చెప్పింది. వాయిదా అంటే తర్వాత కట్టడం. ఆ ఆరు నెలలకు కూడా వడ్డీ పడింది. చాలామంది దాన్ని మాఫీ అనుకున్నరు.

5. ఇప్పటికే ఆగిపోయినోళ్లు ఏం చేయాలి?

సిగ్గుపడి బ్యాంకుకు పోకుండా ఉండకండి. దూరంగా ఉన్న కొద్దీ బాకీ పెరుగుతది.
• పాస్‌బుక్ పట్టుకొని పోయి, బాకీ ఎంత ఉందో స్టేట్‌మెంట్ అడగండి. నోటిమాట కాదు, కాగితం తీసుకోండి.
• రాయితీ, క్యాష్‌బ్యాక్ ఏమైనా జమ అయినయా చూపించుకోండి.
• ఒకేసారి కట్టలేకపోతే ఎన్ని విడతల్లో కడతరో మేనేజర్‌తో మాట్లాడండి.
• తగ్గించి కట్టే సెటిల్‌మెంట్ ఇస్తామంటే ఆలోచించండి. రికార్డులో "పూర్తిగా తీరింది" అని ఉండటం, "సెటిల్ అయింది" అని ఉండటం ఒకటి కాదు. వీలైతే పూర్తిగా కట్టడమే మేలు.
• తీరినంక "బాకీ లేదు" అనే సర్టిఫికెట్ తప్పకుండా తీసుకొని దాచుకోండి.

6. ఇప్పుడు వచ్చిన మార్పులు

2025 ఆగస్టు 27న కేంద్ర మంత్రివర్గం ఈ పథకాన్ని 2030 మార్చి 31 వరకు పొడిగించింది.
• మొదటి విడత 10,000 నుంచి 15,000కు పెరిగింది.
• రెండో విడత 20,000 నుంచి 25,000 అయింది.
• మూడో విడత 50,000. మార్పు లేదు.
• రెండో విడత సరిగ్గా తీర్చినోళ్లకు యూపీఐతో కలిసిన రూపే క్రెడిట్ కార్డు.
• చిల్లర అమ్మకాలతో పాటు హోల్‌సేల్ కొనుగోళ్లకు కూడా కలిపి 1,600 దాకా క్యాష్‌బ్యాక్.

క్రెడిట్ కార్డు విషయంలో ఒక్క మాట. అది కూడా అప్పే. సరుకు కోసం వాడండి, పెండ్లి ఖర్చుకు కాదు.

7. ఎవరికి వస్తుంది? ఎట్ల అడగాలి?

పట్టణంలో రోడ్డు పక్క అమ్ముకునేటోళ్లకు. కూరగాయలు, పండ్లు, చాయ్, మిర్చి బజ్జీ, బట్టలు, చెప్పులు కుట్టుడు, ఇస్త్రీ ఏదైనా సరే. ఊరి నుంచి గంప పట్టుకొని పట్టణానికి వచ్చి అమ్మేటోళ్లు కూడా అర్హులే. మావల, జైనథ్ నుంచి ఆదిలాబాద్‌కు వచ్చే రైతు అక్కలు "మాది ఊరు గద" అని వెనుకకు పోవద్దు. ఎక్కడ ఉంటున్నరని కాదు, ఎక్కడ అమ్ముతున్నరన్నదే లెక్క. పల్లె అంగడిలో మాత్రమే అమ్మేటోళ్లు మహిళా సంఘం ద్వారా స్త్రీనిధి లోన్, లేదా బ్యాంకులో ముద్ర శిశు కింద 50,000 దాకా అడగవచ్చు.

మొదటి మెట్టు: మున్సిపాలిటీలో మీ పేరు వీధి వ్యాపారుల సర్వేలో ఉందా చూసుకోండి. ఉంటే గుర్తింపు కార్డు లేదా వెండింగ్ సర్టిఫికెట్ తీసుకోండి. లేకపోతే సిఫారసు లేఖ కోసం దరఖాస్తు ఇవ్వండి.
రెండో మెట్టు: ఆధార్‌కు మీ ఫోన్ నంబర్ లింక్ చేయించుకోండి. ఓటీపీ రాకపోతే దరఖాస్తు ముందుకు పోదు.
మూడో మెట్టు: ఆధార్, ఓటరు కార్డు, పాస్‌బుక్‌తో మెప్మా ఆర్పీని కలవండి. పోర్టల్‌లో ఎక్కించి, బ్యాంకుకు పంపుతరు.
నాలుగో మెట్టు: మంజూరు పత్రంలో వడ్డీ ఎంత, కిస్తీ ఎంత, ఏ తారీఖు అన్నది చదివించుకొని తర్వాతనే సంతకం పెట్టండి.

ఆ గుర్తింపు కార్డు లోన్‌కే కాదు, మీ అడ్డాకు కూడా రక్ష. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే పూర్తయి సర్టిఫికెట్లు ఇచ్చే దాకా వ్యాపారులను ఖాళీ చేయించకూడదు. టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారుల నుంచే ఎన్నిక కావాలి, అందులో మూడో వంతు మహిళలు ఉండాలి.

8. ప్రశ్నలు, జవాబులు

ప్ర: ముందే కట్టేస్తే జరిమానా ఉంటదా?
జ: ఉండదు. గిరాకీ బాగున్న నెలలో ఎక్కువ కట్టవచ్చు.

ప్ర: "వెయ్యి ఇస్తే లోన్ ఇప్పిస్త" అంటున్నరు. ఇవ్వాల్నా?
జ: ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. ఈ పథకంలో కమీషన్ లేదు. ఫోన్ చేసి ఓటీపీ అడిగితే చెప్పకండి. పైసలు పోయినట్టు తెలిస్తే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

ప్ర: మాకు చిన్న రైస్ మిల్లు ఉంది. కరోనా లోన్ ఇంకా ఇస్తున్నరా?
జ: అప్పటికే బ్యాంకు అప్పు ఉన్న సంస్థలకు ఇచ్చిన అత్యవసర రుణ హామీ పథకం 2023 మార్చి 31తో ముగిసింది. ఇప్పుడు దాని పేరు చెప్పి పైసలు అడిగితే మోసమే. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితంగా చేసుకొని, మామూలు ఎంఎస్‌ఎంఈ లోన్‌కు బ్యాంకులో అడగండి.

ప్ర: నాకేమన్నా అయితే ఇంట్లో వాళ్ల పరిస్థితి ఏంది?
జ: బ్యాంకుకు పోయిన రోజే రెండు బీమాలు అడగండి. ఏడాదికి 20 రూపాయలతో ప్రమాద బీమా, 436 రూపాయలతో జీవన జ్యోతి. ఒక్కొక్కటి 2 లక్షలు. మొదటిది 18 నుంచి 70 ఏళ్ల వాళ్లకు. రెండోదాంట్ల 18 నుంచి 50 ఏళ్ల వాళ్లు చేరవచ్చు.

9. గుర్తు పెట్టుకోండి

రోజూ గల్లా లెక్క పెట్టేటప్పుడు 30 రూపాయలు పక్కకు తీసి డబ్బాలో వేయండి. నెల తిరిగేసరికి 900 అయితయి. పది వేల లోన్ కిస్తీ అంతే. పదిహేను వేలు తీసుకున్నోళ్లు 45 తీయండి. గిరిగిరి వాడు రోజూ వచ్చి వంద పట్టుకపోయినప్పుడు కట్టగలిగినోళ్లు, ఇది కూడా కట్టగలరు.

అప్పా, సాయమా అంటే జవాబు ఇదీ: అసలు అప్పు, వడ్డీ మీద సాయం. అప్పు తీర్చినోళ్లకే ఆ సాయం పూర్తిగా అందుతది.

ఈ పీడీఎఫ్‌ను మీ అడ్డా వాట్సాప్ గ్రూపులో పంపండి. చదువు రానోళ్లకు చదివి వినిపించండి.