వీ అంటే మనమే

రా చెల్లీ, కూర్చో. అల్లం దంచి వేశాను, టీ ఇంకో పొంగు రానీ. ముందు నీ మనసులో ఉన్నది చెప్పు. చేతులూపుతూ ఆడే ఆ వీడియో గేమ్ కావాలని పిల్లలు పట్టుబట్టారు. కొనాలనే ఉంది. కానీ రెండు నెలలు మురిపెంగా ఆడి, తర్వాత మూల పడేస్తారేమోనని నీ బెంగ. అంతేనా? ఈ బెంగ నీ ఒక్కదానిదే కాదమ్మా. అటక మీద కీబోర్డు, మంచం కింద క్యారమ్ బోర్డు, బట్టలు ఆరేసుకోవడానికి పనికొస్తున్న వ్యాయామం సైకిలు మనందరి ఇళ్లలోనూ ఉన్నవేగా!

అందుకే నీకు నింటెండో కంపెనీ వాళ్ల ‘వీ’ అనే గేమ్ యంత్రం సంగతి చెప్పాలి. 2006 నవంబరులో అమెరికాలో 250 డాలర్లకి వచ్చింది. అప్పటిదాకా గేమ్ అంటే ఎక్కువగా సోఫాలో కూర్చుని, బోలెడు మీటలున్న దాన్ని రెండు చేతులా పట్టుకుని నొక్కడమే. మనబోటి వాళ్లం ఏ మీట ఎందుకో తెలియక పక్కకి తప్పుకునేవాళ్లం. వీతో వచ్చింది టీవీ రిమోట్ లాంటి తెల్లని రిమోట్. దాన్ని బ్యాటులా ఊపితే టెన్నిస్, చెయ్యి ముందుకి విసిరితే బౌలింగ్. చేతి కదలికని పసిగట్టే చిన్న చిప్ లోపలే ఉంటుంది. ఆ పేరు కూడా ఇంగ్లిష్‌లో ‘మనం’ అనే మాటలా వినిపించాలనే పెట్టారట. పేరు చివరి రెండు ‘ఐ’ అక్షరాలు పక్కపక్కన నిలబడ్డ ఇద్దరు మనుషుల్లా ఉంటాయి. ఎంత బాగుందో కదూ!

2008 చలికాలంలో మేం న్యూజెర్సీలో ఉండేవాళ్లం. మా అత్తయ్యగారు తెనాలి నుంచి ఆరు నెలలు ఉందామని వచ్చారు. బయట మంచు, ఇంట్లో హీటరు. పాపం, పగలంతా కిటికీ దగ్గరే కూర్చునేవారు. ఒక సాయంత్రం మా వాడు వీ పెట్టి టీవీలో ఆవిడ బొమ్మ తయారుచేశాడు. కొప్పు దొరికింది గానీ బొట్టు లేదు. పుట్టుమచ్చ పెట్టే వీలుంటే, ఆ మచ్చని పెద్దది చేసి నుదుటి మీదకి జరిపాడు. బొట్టుతో ఉన్న తన బొమ్మని చూసి అత్తయ్యగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు!

ఆ కొంగే నడుముకి దోపి లేచారు. బౌలింగ్‌లో రిమోట్ అడుగున ఉన్న మీట నొక్కి పట్టుకుని, చెయ్యి ఊపి, చివర్లో వదలాలి. ఆవిడ ముందే వదిలేసరికి మూడుసార్లు బంతి వెనక్కి పడింది, టీవీలో వెనక నిలబడ్డ బొమ్మలు ఉలిక్కిపడ్డాయి. “నానమ్మా, కళ్లాపి చల్లినట్టు ఊపి వదులు” అన్నాడు మా వాడు. అంతే! ఆ ఊపు ఆవిడ చేతికి అరవై ఏళ్ల అలవాటు. పది పిన్నులూ ఒక్క దెబ్బకి పడ్డాయి. ఆ రోజు నుంచి సాయంత్రం ఆరయ్యేసరికి “ఒరేయ్, బంతాటకి రావా?” అని ఆవిడే పిలిచేవారు.

ఏప్రిల్‌లో ఆవిడ వెళ్లిపోయారు. మే నెలలో చూస్తే వీ మీద వేలితో రాసేంత దుమ్ము. మోజు తీరిపోయిందనుకుని చివుక్కుమంది నాకు. తర్వాత ఆలోచిస్తే తెలిసింది. ఆట అక్కడే ఉంది, ఆరింటికి పిలిచే మనిషి లేరు.

లోకం మొత్తం మీద కూడా ఇదే జరిగింది. వీ యంత్రాలు పది కోట్లకు పైగా అమ్ముడయ్యాయి. 2009 మార్చితో ముగిసిన ఒక్క ఏడాదిలోనే దాదాపు 2.6 కోట్లు. మూడేళ్లు తిరిగేసరికి ఏడాదికి కోటి లోపుకి పడిపోయింది. 2012లో వచ్చిన తమ్ముడు ‘వీ యూ’ మొత్తం కలిపినా కోటిన్నర దాటలేదు. మరి చేతులూపే ఆటే పోయిందా? పోలేదమ్మా. అమెరికా వృద్ధాశ్రమాల్లో పెద్దవాళ్లు జట్లు కట్టి వీ బౌలింగ్ పోటీలు ఆడుకున్నారు. 2017లో నింటెండోనే తెచ్చిన ‘స్విచ్’లో ఆ కదలికే ఉంది, 2022లో ‘స్విచ్ స్పోర్ట్స్’లో ఆ బౌలింగే మళ్లీ వచ్చింది. యంత్రాలు పాతబడతాయి. నలుగురు కలిసే చోట ఆట నిలబడుతుంది.

కాబట్టి మనం చెయ్యాల్సిందేమిటో చెబుతాను, విను. ముందు ఆడేందుకు ఒక వేళ పెట్టు. రోజూ ఆడాలని పంతం వద్దు, శనివారం సాయంత్రం గంటసేపు చాలు. కళ్లకి కనపడేలా టీవీ కిందే ఉంచు. వీ రిమోట్‌కి రెండు పెన్సిల్ సెల్లు కావాలి, ఇంకో జత సొరుగులో పెట్టుకో. సెల్లు లేక ఆగిన ఆట మళ్లీ మొదలవడం కష్టం. వాడనప్పుడు సెల్లు తీసెయ్, లేకపోతే కారి రిమోట్ పాడవుతుంది.

పిల్లలు గడుగ్గాయిలు కదా! సోఫాలో కూర్చుని మణికట్టు చిన్నగా తిప్పినా బంతి వెళుతుందని నాలుగు రోజుల్లో కనిపెట్టేస్తారు. ఆట చప్పబడేది అక్కడే. “లేచి నిలబడి ఆడితేనే లెక్క” అని మొదటి రోజే చెప్పెయ్. ఆడేముందు టీపాయ్ జరుపు, రిమోట్ తాడు మణికట్టుకి వేయించు. మొదట్లో తాళ్లు తెగి రిమోట్‌లు ఎగిరిపోతుంటే, 2006 డిసెంబరులో నింటెండో 32 లక్షల తాళ్లు మార్చి ఇస్తామంది. మన టీవీ మనకి ముద్దు కదా!

బరువు తగ్గడానికే కొంటున్నానంటావా? వద్దు చెల్లీ. వీలో ‘వీ ఫిట్’ అనే వ్యాయామం ఆట ఉంది, దాని పలక మీద నిలబడితే బరువు చూసి తెర మీద మన బొమ్మని లావు చేసేస్తుంది. ఇంటిల్లిపాదీ చూస్తుండగా ఆ చిన్నతనం పడలేక ఎందరు దాన్ని మంచం కిందకి తోశారో! సరదాగా ఆడు, చెమట దానంతటదే పడుతుంది.

ఇక ఏది కొనాలి? ఎవరి దగ్గరైనా పాత వీ దొరికితే హాయిగా తెచ్చుకో. దాని ఆన్‌లైన్ దుకాణం 2019 జనవరిలో మూసేశారు కాబట్టి ఆటల డిస్కులతో సహా అడుగు. దాని వైరుకి మూడు రంగుల పిన్నులు ఉంటాయి, కొత్త టీవీకి కలపాలంటే చిన్న కన్వర్టర్ కావాలి. కొత్తదే ముద్దనుకుంటే స్విచ్ చూడు.

కొనేముందు మాత్రం ఒక్క పని చెయ్యి. ఈ శనివారం మీ అత్తగారినో, పక్కింటి పిన్నినో, ఎవరో ఒకర్ని రమ్మని పిలువు. పిలిస్తే రారా ఏమిటి? టీ చల్లారుతోంది, తాగు. తాగాక ఫోన్ తీసి ముందు వాళ్లకే చెయ్యి.