పళ్లకు తెలుపు - రసాయనం చేయగలిగిందీ, చేయలేనిదీ

ముత్యాల వంటి పలువరుస కావాలని ఎవరికి ఉండదు? ఇంటర్వ్యూలో, పెళ్లిచూపులో దగ్గరపడ్డాయంటే మన హాస్టల్లో నిమ్మచెక్కలు, వంటసోడా, బొగ్గుపొడి బయటికి వస్తాయి. కాస్త డబ్బున్న వారు పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లి తెల్లగా చేయించుకుంటున్నారు. ఇంతకీ ఆ డాక్టరు చేసేదేమిటి? అది అందరికీ పనికివస్తుందా? కెమిస్ట్రీ చదివే విద్యార్థిగా నాకు తెలిసినంత వ్రాస్తున్నాను.

పంటి పైపొర ఎనామిల్. బరువులో నూటికి 96 పాళ్లు ఖనిజమే. దాన్ని తయారుచేసే కణాలు పన్ను చిగురు చీల్చుకుని పైకి వచ్చేసరికి నశించిపోతాయి. అందుచేత అరిగిన ఎనామిల్ మళ్లీ పెరగదు. దాని కింద ఉండే డెంటిన్ సహజంగానే లేత పసుపు. ఆ పసుపు ఎనామిల్ గుండా పైకి కనిపిస్తుంది. వయసు పెరిగేకొద్దీ పైపొర పలచబడి మరింత కనిపిస్తుంది. అంటే కొంచెం పసుపుగా ఉన్న పన్ను రోగిష్టి పన్ను కాదన్నమాట!

మా పెనుమూడిలో పాతకాలం వాళ్లు కచికతో, ఇటుకపొడితో తోముకునేవారు. రైతుబిడ్డలకు మిల్లు సంగతి చెబితే చాలు, ఇది తేలిగ్గా అర్థమవుతుంది. బియ్యానికి పాలిష్ ఎక్కువ పట్టేకొద్దీ తెలుపు వస్తుంది. పంటికి అలా కాదు, పాలిష్ ఎక్కువైతే లోపలి పసుపే బయటపడుతుంది. నిమ్మరసం మరీ అన్యాయం, ఆ ఆమ్లం ఎనామిల్‌నే కరిగిస్తుంది.

డాక్టరు మొదట చూసేది ఆ రంగు ఎక్కడిదని. టీ, కిళ్లీ, చుట్ట వలన పైన పట్టిన మచ్చలూ, గారా అయితే క్లీనింగుతోనే పోతాయి. చాలామందికి అంతకుమించి అక్కరలేదు కూడా. రంగు లోపలిదైతేనే బ్లీచింగు. దానికి వాడేది మన ల్యాబులో ఉండే హైడ్రోజన్ పెరాక్సైడే. 1818లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు థెనార్డ్ దీన్ని కనుగొన్నాడు. అణువు చిన్నది కావటం వలన ఎనామిల్ గుండా డెంటిన్ దాకా చొచ్చుకుపోతుంది. రంగునిచ్చే పెద్ద అణువుల్లోని జంట బంధాలను ఆక్సీకరణంతో తెంచుతుంది. ఆ బంధాలు తెగితే రంగు విరిగిపోతుంది.

క్లినిక్కులో వాడే మందు 25 నుంచి 40 శాతం దాకా ఉంటుంది. అది చిగురుకి తగిలితే కాలి తెల్లగా పాలిపోతుంది. అందుకే ముందు చిగుళ్లకు రక్షణగా పూత వేసి అప్పుడు పళ్లకు రాస్తారు. ఇంకో పద్ధతిని 1989లో అమెరికాలో హేవుడ్, హైమన్ అనేవారు ప్రచురించారు. పంటి అచ్చు తీసి, దానికి సరిపోయే పలచని తొడుగులో 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడు వేసి రాత్రిళ్లు పెట్టుకోవటం. నెమ్మదిగా పనిచేస్తుంది గాని, నా మట్టుకు ఇదే మేలనిపిస్తుంది. ఎలా చేసినా కొన్నాళ్లు చన్నీళ్లు తగిలితే పళ్లు జివ్వుమనవచ్చు. కట్టించుకున్న పళ్లూ, పూడ్పించిన సిమెంటూ తెల్లబడవు. తెల్లబడినవి కూడా కాలక్రమేణా మళ్లీ రంగు తేలతాయి. యూరపు దేశాల్లో 2012 నుంచి 18 ఏళ్లలోపు వారికి ఇది చేయకూడదనీ, పెరాక్సైడు 6 శాతం మించకూడదనీ, మొదటి విడత దంతవైద్యుని చేతి మీదుగానే జరగాలనీ నిబంధన ఉంది.

ఇక బ్లీచింగుకి సులువుగా లొంగని రంగు ఒకటుంది. మన రాష్ట్రానికి అది కొత్త కాదు. 1937లోనే షార్ట్, ఆయన సహచరులు నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో ఫ్లోరోసిస్‌ను వర్ణించారు. తరువాత నల్లగొండ పేరు దీనికి పర్యాయపదమే అయింది. రాళ్లలోని ఫ్లోరైడు బావినీటిలో కరుగుతుంది. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు పసివాళ్లు తాగుతూ వస్తే, తయారవుతున్న ఎనామిల్ గుల్లబారి సున్నపు చారలు, ఆనక గోధుమ మచ్చలు పడతాయి. కాలువ నీళ్లు తాగే మన డెల్టావాళ్లం ఇది చూసి ‘పళ్లు తోముకోడు’ అనేస్తాం. ఎంత తప్పు!

నా రూమ్మేటుది కనిగిరి వైపు పల్లె. నవ్వు వస్తే చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు. వాళ్ల అక్కకి రెండు సంబంధాలు పలువరుస చూసే తప్పిపోయాయి. వాడు ఊరికే బ్లీచింగు చేయించుకుంటే మచ్చ కొంత వెలిసినా చారలు ఉండిపోవచ్చు. కొందరికి మొదట్లో తెల్ల చారలు ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తాయట. అటువంటి పళ్లకు డాక్టర్లు పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం, ప్యూమిస్ పొడి కలిపి పైన వెంట్రుకవాసి మేర అరగదీస్తారు, ఆపైన అవసరమైతే బ్లీచింగు. మచ్చ లోతైతే పంటి రంగు పూతో, తొడుగో వేయాలి. ఇది ఇంట్లో చేసుకునే పని ఎంతమాత్రం కాదు.

నీళ్ల సంగతికి వస్తే, 1970లలో నాగపూరులోని నీరీ సంస్థ నల్లగొండ పద్ధతిని రూపొందించింది. పటిక, సున్నం కలిపి తేటపరిస్తే ఫ్లోరైడు మడ్డితో పాటు అడుక్కి దిగుతుంది. బ్లీచింగు పౌడరు వేసేది క్రిములు చావటానికి. కాగిస్తే మాత్రం ఫ్లోరైడు పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది.

ఎనామిల్ తయారయ్యే వయసు ఇంచుమించు ఎనిమిదేళ్ల వరకే. మూడో సంబంధం కుదిరిన ఆ అక్కకి ఇప్పుడు నాలుగేళ్ల కూతురుంది. మా వాడు ఇంటికి ఫోను చేసినప్పుడల్లా పాపకి తాగటానికే కాక, అన్నం వండటానికి కూడా పైపు నీళ్లే పోస్తున్నారా, బోరు నీళ్లా అని అడుగుతుంటాడు.