భయమును గెలిచిన బాలుడు

రాత్రివేళ అవ్వ చెప్పెడి దయ్యపు కథకు జడిసి, దుప్పటి తలమీదికి లాగుకొనని బాలుడు అరుదు. అయినను "తరువాత ఏమైనది?" అని అడుగక మానడు. భయము కలిగించు కథయందును ఒక రుచి కలదు. భరతుని నాట్యశాస్త్రమందు చెప్పబడిన ఎనిమిది రసములలో భయానకము ఒకటి.

ఇతర దేశములందును ఇట్టి రచనలు కలవు. ఆంగ్లదేశమున మేరీ షెల్లీ అను యువతి పదునెనిమిదేండ్ల ప్రాయమున ఆరంభించి, 1818లో ప్రకటించిన 'ఫ్రాంకెన్‌స్టైన్' అను నవల ప్రసిద్ధమైనది. అందు ఒక విద్యార్థి ఒక ప్రాణిని సృజించి, దాని వికృతరూపమును చూచి తానే భయపడి విడిచిపోవును. ఆదరించువారు లేని ఆ ప్రాణి తుదకు క్రూరమైపోవును. కన్నవాడే కాదన్నచో పసివాని గతి యేమి? ఈ ప్రశ్నను మన తెలుగు కవులు అంతకు శతాబ్దులకు ముందే మరియొక కథలో చూపిరి. అదియే ప్రహ్లాదుని కథ.

నంద్యాల నుండి ఆళ్లగడ్డ మీదుగా నల్లమల అడవులలోనికి పోయినచో అహోబిలము వచ్చును. 2022లో ఏర్పడిన నంద్యాల జిల్లాలో ఈ క్షేత్రము చేరినది. కొండ క్రింద దిగువ అహోబిలము, కొండమీద ఎగువ అహోబిలము కలవు. లోయలో భవనాశి యేరు పారుచుండును. నరసింహస్వామికి ఇచట తొమ్మిది ఆలయములు. ఎత్తున ఉగ్రస్తంభమను రాతిశిఖరము నిలిచియున్నది. స్వామి వెలువడిన స్తంభము ఇదియే యని భక్తుల విశ్వాసము. ప్రహ్లాదుని బడి యని ప్రజలు పిలుచు తావును ఇచట కలదు.

14వ శతాబ్దమున ఎఱ్ఱాప్రగడ ఈ కథను 'నృసింహపురాణము'గా రచించి అహోబల నరసింహునకే అంకిత మిచ్చెను. భారతమున అరణ్యపర్వశేషమును పూరించిన మహాకవి ఇతడే. ఇతనిని ఆదరించిన ప్రోలయ వేమారెడ్డి అహోబలమునకు, శ్రీశైలమునకు సోపానములు కట్టించెను. పిదప 15వ శతాబ్దమున పోతన భాగవత సప్తమస్కంధమందు ఇదే కథను చెప్పెను. 1932లో వెలువడిన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'కును ఇదియే ఆధారము.

హిరణ్యకశిపుని పేరు విన్న లోకములు వణకెను. కాని అందఱికంటె ఎక్కువగా భయపడినవాడు అతడే. సోదరుడు హరిచేత మరణించినది మొదలు అతనికి చావు భయము పట్టుకొనెను. పగలు గాని రాత్రి గాని, ఇంట గాని బయట గాని, నేలపై గాని నింగిలో గాని, నరునిచేత గాని మృగముచేత గాని చావు లేకుండ వరము కోరెను. ఇన్ని తలుపులు మూసికొన్నవానిని ధైర్యవంతుడని యెట్లు చెప్పగలము?

అట్టివాని కొడుకు ప్రహ్లాదుడు. చండామార్కులను గురువులు తండ్రికి నచ్చిన చదువే నేర్పిరి. ఏమి నేర్చితివని తండ్రి అడుగగా, బాలుడు తాను నమ్మిన మాటనే చెప్పెను. తండ్రి మండిపడెను. ఏనుగులతో త్రొక్కించెను, పాములచేత కరపించెను, అగ్నిలో త్రోయించెను, సముద్రమున పడవేయించెను. కాటు వేయుట పామునకు స్వభావము. కన్నతండ్రియే ఆ పామును విడుచుట భయానకము. రాజునకు జడిసిన గురువులు శిష్యుని రక్షింపలేకపోయిరి.

ప్రహ్లాదుడు తన మాట మార్చుకొనలేదు, తండ్రిని తూలనాడనులేదు. కడకు స్తంభము పగిలెను. నరుడును మృగమును కాని రూపము వెలువడెను. సంధ్యవేళ, గడపమీద, తొడపై నుంచుకొని, గోళ్లతో చీల్చెను. మూసిన తలుపులన్నిటి నడుమను మృత్యువునకు దారి దొరకెను.

కథ అంతటితో ముగియలేదు. ఆ ఉగ్రరూపమును సమీపించుటకు దేవతలే వెనుకాడిరి. ప్రహ్లాదుడొక్కడే మెల్లగా నడచిపోయి పాదములపై వ్రాలెను. స్వామి శాంతించి అతని తలపై చేయి యుంచెను. వరము కోరుమనగా, బాలుడు తన తండ్రి పాపము తొలగవలెనని ప్రార్థించెను. తనను చంప జూచినవానికే మేలు కోరిన ఆ క్షణమున అతడు నిజముగా పెద్దవాడయ్యెను. ఆళ్లగడ్డ శిల్పులు నేటికిని రాతిలో దేవతామూర్తులను చెక్కుచున్నారు. ఒకే ముఖమున కోపమును కరుణను నిలుపుట వారికి ఎంత కష్టమో, ధైర్యమును వినయమును ఒకే మనస్సున నిలుపుటయు మనకు అంతే కష్టము.

బాలబాలికలారా! పెద్దల మాట వినుట మంచిదే. కాని అన్యాయమునకు తలయూపుమన్నపుడు, కాదని మర్యాదగా చెప్పుటయు ధర్మమే. ఇంటనైనను బడినైనను ఎవరైన మిమ్ము బాధించినచో మౌనముగా ఓర్చుకొనవలదు. నమ్మదగిన గురువునకో బంధువునకో చెప్పుకొనుడు. అది పిరికితనము కాదు. మీయొద్దకు అట్లు వచ్చి చెప్పుకొన్న తోటివానికి అండగా నిలువుడు. చండామార్కులు చేయలేని పని అదియే.

ప్రశ్నలు

1. హిరణ్యకశిపుడు కోరిన వరములలో అతని భయము ఎట్లు కనబడుచున్నది?
2. 'ఫ్రాంకెన్‌స్టైన్' నవలకును ప్రహ్లాదుని కథకును గల పోలికను, భేదమును తెల్పుడు.
3. ప్రహ్లాదుడు నిజముగా పెద్దవాడైనది ఎప్పుడు? ఏల?
4. మీరు చండామార్కుల స్థానమున ఉన్నచో ఏమి చేసెడివారు?