విమానం నడిపే మనిషికే జబ్బు చేస్తే?

ప్రశ్న: నేను దుబాయ్‌లో పని చేస్తాను, రెండేళ్లకోసారి ఇంటికి వస్తాను. విమానం గాల్లో ఉండగా పైలట్‌కే ఏమన్నా అయితే మా గతేంటి? ఇంకో సంగతి. ఇంటర్ ఎంపీసీ చదువుతున్న మా అబ్బాయి పైలట్ అవుతానని పట్టుబట్టాడు. కళ్లద్దాలున్నాయి. చిన్నప్పుడు ఆయాసం ఉండేది, పంపు వాడాం. వైద్య పరీక్షలో ఆ సంగతి చెప్పొద్దని తెలిసినవాళ్లు అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఓ తండ్రి, ఖానాపూర్

జవాబు: మీ భయం ఉత్తదేం కాదు. 2024 అక్టోబర్‌లో సియాటిల్ నుంచి ఇస్తాంబుల్ వెళ్తున్న టర్కిష్ ఎయిర్‌లైన్స్ విమానంలో కెప్టెన్ దారిలోనే చనిపోయారు. ఆ ఏడాది మార్చిలోనే ఆయన వైద్య పరీక్ష పాసయ్యారు. అయినా విమానం న్యూయార్క్‌లో క్షేమంగా దిగింది, ఎందుకంటే పక్క సీట్లో ఇంకో పైలట్ ఉన్నారు. రెండుసార్లు పిలిచినా ఒకరు సరిగా పలకకపోతే రెండోవారు విమానాన్ని తమ చేతుల్లోకి తీసుకునేలా ముందే సాధన చేయిస్తారు.

నిజానికి పైలట్లను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది గుండె కంటే కడుపు. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే సీట్లో కూర్చోవడమే కష్టం. అందుకే చాలా సంస్థలు ఇద్దరికీ వేర్వేరు భోజనం పెడతాయి.

మనిషి కుప్పకూలితే పక్కవారికి వెంటనే తెలుస్తుంది. మెలకువగానే ఉండి ఆలోచన మందగిస్తే పసిగట్టడం కష్టం. 1972 జూన్ 18న లండన్ దగ్గర ట్రైడెంట్ విమానం కూలి 118 మంది చనిపోయారు. కెప్టెన్ గుండె రక్తనాళాలు బాగా పూడుకుపోయాయని శవపరీక్షలో తేలింది. దానివల్లే ఆయన ఆలోచన మందగించి ఉండొచ్చు. జలుబు మాత్ర వేసుకుని మగతగా ఉన్నా ప్రమాదమే. ముక్కు దిబ్బడతో ఎక్కితే దిగేటప్పుడు చెవిలో, నుదుటి దగ్గర పోటు భరించలేరు. ‘ఇవాళ నాకు బాగాలేదు, నడపను’ అని నోరు తెరిచి చెప్పే పైలట్‌ను నేను ఎక్కువ నమ్ముతాను. మద్యం మత్తూ అంతే ప్రమాదం. మన దేశంలో విమానం నడపాలంటే పైలట్లు మద్యం ముట్టి 12 గంటలు దాటాలి, ఊదించి చూస్తారు కూడా.

ఇక మీ అబ్బాయి. అద్దాలతో చూపు సరిపోతే బెంగ లేదు. రంగులు గుర్తించలేకపోవడం మాత్రం పెద్ద అడ్డంకి. చుక్కల్లో అంకెలున్న పుస్తకం చూపించి దాన్ని పట్టేస్తారు. చెవులు, ఈసీజీ, ఛాతీ ఎక్స్‌రే, రక్తం, మూత్రం అన్నీ చూస్తారు. ఈ వైద్య పరీక్షలు రెండు దశల్లో ఉంటాయి: ముందు క్లాస్-2, తర్వాత క్లాస్-1. లక్షలు పోసి ఫీజు కట్టే ముందే ఈ రెండూ చేయించండి. భూమి అమ్మి చేర్పించాక అనర్హుడని తేలితే తట్టుకోవడం కష్టం. ఉద్యోగం వచ్చినా ఈ పరీక్ష తప్పదు. సాధారణంగా ఏడాదికోసారి, అరవై దాటితే ఆరు నెలలకోసారి.

ఆయాసం సంగతి దాచొద్దు. ఒకప్పుడు ఆయాసం ఉన్నంత మాత్రాన తలుపులు మూసుకుపోవు. ఇప్పుడు పిల్లికూతలు వస్తున్నాయా, మందు అవసరమవుతోందా అన్నదే ముఖ్యం. దాచి చేరితే, పొడిగాలి ఉండే కాక్‌పిట్‌లో అది తిరగబెట్టిన రోజు వందల మంది ప్రాణాలు అతని చేతిలో ఉంటాయి. నిర్మల్‌లోనో హైదరాబాద్‌లోనో ఛాతీ డాక్టర్‌తో స్పైరోమెట్రీ (ఊపిరి పరీక్ష) చేయించి, ఆ రిపోర్టునూ పాత మందుల చీటీలనూ పరీక్ష చేసే డాక్టర్ ముందు పెట్టండి.