గుర్రానికి ఉబ్బసం

ఇంగ్లండు వంటి చలిదేశాల్లో శీతాకాలం రాగానే గుర్రాలను శాలల్లో కట్టి ఎండుగడ్డి మేపుతారు. ఇలా కొన్నేళ్లు గడిచాక కొన్ని గుర్రాలకు దగ్గు పట్టుకుంటుంది. పరుగెత్తలేవు. నిలబడిన చోటే ముక్కుపుటాలు విప్పి, డొక్కలు ఎగరేస్తూ ఆయాసపడతాయి. గాలిని బయటికి నెట్టీ నెట్టీ పొట్ట కండరాలు బలిసి, పక్కటెముకల వెంట గీతలా పైకి తేలతాయి. ఇది ఒక రకం ఉబ్బసం. ఒక గుర్రం నుంచి మరొకదానికి అంటుకోదు. 1698లో ఉబ్బసంపై గ్రంథం రాసిన ఆంగ్ల వైద్యుడు జాన్ ఫ్లోయర్, ఇలాంటి ఆడగుర్రం ఊపిరితిత్తులను కోసి పరీక్షించాడు. ఆయనకూ ఉబ్బసం ఉండేది!

ఈ జబ్బుకు మూలం ఏమిటి? గుర్రం ఇష్టంగా తినే గడ్డే. సరిగా ఎండకముందే మోపు కడితే లోపల తేమ నిలిచి, వేడెక్కి, బూజు పడుతుంది. గడ్డిలో నూటికి ఇరవై పాళ్లకు మించి తేమ ఉంటే ఈ ప్రమాదం ఎక్కువ. బూజు సిద్ధబీజాలు కొన్ని మైక్రాన్ల పరిమాణంలోనే ఉంటాయి (మిల్లీమీటరులో వెయ్యోవంతు ఒక మైక్రాన్). అందుచేత అవి ఊపిరితిత్తుల లోతుల దాకా పోగలవు. అవి పడని గుర్రంలో శ్వాసనాళాలు వాచి, ముడుచుకుని, శ్లేష్మంతో పూడుకుపోతాయి. పైగా గుర్రం మనలా నోటితో ఊపిరి తీయలేదు. ముక్కు గడ్డిలో పెట్టి గంటల తరబడి నములుతుంటే ఆ దుమ్మంతా ఎక్కడికి పోతుంది?

చీకటిగదిలో కిటికీ సందున ఎండ పడేచోట గుప్పెడు పాత గడ్డి దులిపి, దూరంగా నిలబడి చూడండి. శాలలో గాలి ఎలా ఉంటుందో తెలుస్తుంది.

పశువైద్యులు శ్వాసనాళాలను విప్పే మందులు ఇస్తారు. కాని దుమ్ము అలాగే ఉంటే ఆయాసం తిరిగి వస్తుంది. గుర్రాన్ని రాత్రింబవళ్లు పచ్చికలో వదిలేయడమే మేలు. చాలా గుర్రాలు కొన్ని వారాల్లో తేరుకుంటాయి. వీలుకాకపోతే గడ్డిని కొంతసేపు నీళ్లలో నానబెట్టి, తడి ఆరకముందే పెట్టాలి. గంటల తరబడి నానిస్తే అందులోని చక్కెరలు నీళ్లలో కలిసిపోతాయి. ఆవిరి పట్టిస్తే బూజు కూడా చస్తుంది. మేతను నేలమీద పెట్టడం మంచిది. తల వంచి తింటే శ్లేష్మం కిందికి జారుతుంది.

పడకగా గోధుమగడ్డికి బదులు దుమ్ములేని చెక్కపొట్టు పరచాలి. మూత్రంతో తడిసినదాన్ని రోజూ తీసేయాలి. లేకుంటే అందులోంచి వచ్చే అమ్మోనియా శ్వాసనాళాలను మండిస్తుంది. ఊడ్చేటప్పుడు గుర్రాన్ని బయట కట్టాలి. చాలామంది మరిచేది మరొకటుంది: పక్కగదిలోని గుర్రానికి పొడిగడ్డి వేస్తే ఆ దుమ్ము ఇటూ వస్తుంది. అటకమీద గడ్డి నిలవ చేసినా అంతే.

అన్నట్టు, పచ్చిక అన్నిచోట్లా మందు కాదు. అమెరికా దక్షిణప్రాంతంలో ఉక్కపోసే వేసవిలో పచ్చికలో మేసే గుర్రాలకే ఇలాంటి ఆయాసం వస్తుంది. అక్కడ వాటిని శాలలోకి తెచ్చి వైద్యం చేస్తారు!

తేరుకున్న గుర్రం చక్కగా పరుగెత్తుతుంది. అయితే ఆ దుమ్ము పడని గుణం జన్మంతా పోదు. ఏడాది తరువాతైనా ఒక బూజుమోపు విప్పి ముందు వేస్తే కొద్ది గంటల్లోనే దగ్గు మొదలవుతుంది.