వీడియో పంపే ముందు



2022లో ముద్దచర్మ వ్యాధి (లంపీ) పలు రాష్ట్రాలలో వ్యాపించినప్పుడు, ఆ ఆవుల పాలు తాగితే మనుషులకూ జబ్బు వస్తుందని సెల్‌ఫోన్లలో వీడియోలు తిరిగాయి. అది అబద్ధం. ఈగలు, దోమలు, పిడుదుల వల్ల ఇది పశువులకే సోకుతుంది. కాచిన పాలు తాగవచ్చు. పుకారుతో పాలు అమ్ముడుపోకపోతే నష్టం మనకే.

ఆవు ఒంటిపై గడ్డలు కనిపిస్తే, వెలుతురు మీ వెనుక ఉండేలా నిలబడి, ఫోను అడ్డంగా పట్టి, కదల్చకుండా అర నిమిషం వీడియో తీయండి. ఊరు, తేదీ నోటితో చెప్పండి. ముందుగా పశువైద్యునికి చూపండి. లేదా 1962కు ఫోను చేయండి.

ఊరూ తేదీ లేని వీడియోను ఇతరులకు పంపరాదు. కాణిపాకం వినాయకుని ఎదుట ప్రమాణం చేసి చెప్పగలిగిన మాటనే వాట్సాప్‌లో పంపుదాం.