నొప్పి తగ్గితే చాలునా?

నిరుడు నేరేడ్‌మెట్‌లో మా తరగతి పిల్లవాడొకడు టాన్సిళ్ళు తీయించుకున్నాడు. చూడబోతే, మాట పెగలక కాగితం మీద రాసి అడిగాడు: "కోసేటప్పుడు తెలియలేదు సార్, ఇప్పుడెందుకింత నొప్పి?"

మత్తు దిగింది గదా! కోసినచోట ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు తయారై, నాడుల కొసలను మరింత సున్నితం చేస్తాయి. ఐబుప్రొఫెన్ వాటి తయారీనే తగ్గిస్తుంది. మార్ఫిన్ దారి వేరు. అది మెదడులో, వెన్నుపాములో నొప్పి కబురును అణచివేస్తుంది.

మరి ఏది మేలు? పోల్చాలంటే నొప్పిని కొలవాలి. దానికి థర్మామీటరు లేదే! అందుకని డాక్టర్లు ప్రశాంతమైన ముఖం మొదలు బాధతో ముడుచుకున్న ముఖం దాకా ఆరు బొమ్మలు చూపి, "నీ నొప్పి ఏది?" అని అడుగుతారు. వాటికి 0, 2, 4 ఇట్లా 10 వరకు అంకెలుంటాయి. మరీ పసివాళ్ళయితే ఏడుపు, కాళ్ళ కదలిక చూసి తామే అంకె వేస్తారు.

ఒకప్పుడు టాన్సిళ్ళు తీశాక చాలాచోట్ల కోడీన్ ఇచ్చేవారు. కాలేయంలోని ఒక ఎంజైము కోడీన్‌లో కొంత భాగాన్ని మార్ఫిన్‌గా మారుస్తుంది. నొప్పిని తగ్గించేది ముఖ్యంగా ఆ మార్ఫినే. ఈ ఎంజైము కొందరిలో నిదానం, కొందరిలో మహా జోరు. జోరుగా ఉన్న పిల్లల్లో మార్ఫిన్ ఎక్కువై, ఊపిరి మందగించి, మరణాలు కూడా సంభవించాయి. 2013లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ వాడకం కూడదని హెచ్చరించింది.

మార్ఫిన్‌నే కొలిచి ఇస్తే? కెనడా డాక్టర్లు, నిద్రలో ఊపిరికి అడ్డు తగిలే జబ్బుతో టాన్సిళ్ళు తీయించుకున్న 91 మంది పిల్లలను, చీటీలు వేసినట్టు రెండు జట్లు చేశారు. ఒకదానికి మార్ఫిన్, రెండోదానికి ఐబుప్రొఫెన్. ఇద్దరికీ పారాసిటమాల్ తోడు. ఫలితం 2015లో వెలువడింది. నొప్పిలో చెప్పుకోదగ్గ తేడా లేదు! అక్కడితో ఆగితే రెండూ సమానమే. కాని వాళ్ళు నిద్రలో రక్తంలోని ప్రాణవాయువును కూడా కొలిచారు. ఆపరేషన్ తర్వాత దాని కొరత తగ్గాలి. ఐబుప్రొఫెన్ జట్టులో 100కి 68 మందికి తగ్గింది. మార్ఫిన్ జట్టులో 14 మందికే. ప్రయోగాన్ని మధ్యలోనే ఆపివేశారు.

ఊపిరిని కనిపెట్టమన్న మాట మన హైదరాబాదుకు కొత్త కాదు. క్లోరోఫారం ఇచ్చేటప్పుడు నాడిని కాదు, శ్వాసను చూడాలని 1889లో ఇక్కడి క్లోరోఫారం కమిషన్ జంతువులపై ప్రయోగాలు చేసి చెప్పింది. గుండెకు భయం లేదన్న దాని రెండో మాట మాత్రం నిలవలేదు. కొద్దిపాటి క్లోరోఫారంతోనే గుండె హఠాత్తుగా ఆగవచ్చని తర్వాత పిల్లులపై ప్రయోగాల్లో తేలింది.

మావాడికి డాక్టరు బరువు తూచి పారాసిటమాల్ రాశారు. రెండు వారాలకు బడికొచ్చి, నల్లబల్ల మీద ఆరు ముఖాలూ గీసి, మొదటి రాత్రి తనది ఎనిమిదని చూపించాడు.